పాప ఒక్కతే ఇంటికి: తొమ్మిది వారాల డైరీ

మొదటి వారం, సోమవారం

"నాన్నా, రేపటి నుంచి నేనే ఇంటికి వచ్చేస్తా. నువ్వు రావద్దు."

స్కూలు గేటు దాటి పది అడుగులు వేశామో లేదో పాప ఈ మాట అనేసింది. అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది. తన క్లాసులో ఇద్దరు అప్పుడే ఒక్కళ్ళే వెళ్తున్నారట. పాపకు తొమ్మిదేళ్ళు నిండి ఏడు నెలలు. "చూద్దాంలే" అన్నాను. మా ఇంట్లో "చూద్దాంలే" అంటే వద్దని అర్థం. ఆ సంగతి పాపకు బాగా తెలుసు. ఇంటికొచ్చేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

రాత్రి పాప పడుకున్నాక నా భార్యకు చెప్పాను. "వద్దనడానికి భయం కాకుండా వేరే కారణం ఏదైనా ఉందా నీ దగ్గర?" అని అడిగింది. ఆలోచిస్తే లేదు. సరే అనడానికీ లేదు. రెండు వైపులా కారణాలు వెతకాలి, అదీ రోడ్డు మీదే వెతకాలి అని తేల్చుకున్నాం. ఏం చేశాం, ఏం తేలింది, తర్వాత ఏం చేయాలి అన్నది ఎప్పటికప్పుడు ఇక్కడ రాసుకుంటాను.

మొదటి వారం, బుధవారం

వయసు దగ్గర మొదలుపెట్టాను, ఎవరైనా అక్కడే మొదలుపెడతారు కాబట్టి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం పదేళ్ళ దగ్గర, అంటే ఐదో తరగతి ప్రాంతంలో పంపొచ్చంటుంది. స్విట్జర్లాండులో అంతకంటే చాలా చిన్నపిల్లలు, కిండర్‌గార్టెన్ వాళ్ళు కూడా, మెడలో మెరిసే పట్టీ వేసుకుని సొంతంగా నడుస్తారు. జపానులో ఒకటో తరగతి పిల్లలు పసుపుపచ్చ టోపీలు పెట్టుకుని వెళ్తారు. ఆ టోపీ, ఆ పట్టీ పిల్లల కోసం కాదు, బండి నడిపేవాళ్ళ కోసం. అక్కడి రోడ్లకు, డ్రైవర్లకు ఆ పిల్లలు అలవాటు. కాబట్టి వాళ్ళ వయసు అంకె తెచ్చి మా దారికి అతికించలేను.

అమ్మకు ఫోన్ చేసి చెబితే, "నిన్ను రెండో తరగతి నుంచే ఒక్కణ్ణే పంపాను, నీకేమైందిరా?" అంది. నిజమే. కానీ ఇంగ్లండులో మేయర్ హిల్మన్ అనే పరిశోధకుడి బృందం లెక్క తీస్తే, 1971లో ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో 80 శాతం మంది పెద్దవాళ్ళు తోడు లేకుండా స్కూలుకు వెళ్ళేవాళ్ళు. 1990 నాటికి అది 9 శాతానికి పడిపోయింది. పంపకపోవడానికి తల్లిదండ్రులు చెప్పిన కారణాల్లో మొదటిది ట్రాఫిక్. పందొమ్మిదేళ్ళలో పిల్లల బుర్రలు తగ్గిపోవు కదా. పెరిగినవి బళ్ళు. అమ్మ నన్ను పంపిన రోడ్డు, నేను పాపను పంపబోయే రోడ్డు ఒకటి కావు.

మొదటి వారం, శనివారం

సెలవు రోజు ఇద్దరం దారి కొలవడానికి బయల్దేరాం. 1,100 మీటర్లు. నా నడకకు 14 నిమిషాలు, పాప నడకకు 19. పాప చేతికి అట్ట, కాగితం, రంగు పెన్సిళ్ళు ఇచ్చాను. దారి మ్యాపు గీసి, ఆగి చూడాల్సిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టమన్నాను.

ఐదు చుక్కలు నేను ముందే అనుకున్నవే. ఒకటి, స్కూలు గేటు ముందు బళ్ళు వెనక్కీ ముందుకూ తిరిగే గందరగోళం. రెండు, సందు మొదలు: పెద్ద రోడ్డు మీంచి బళ్ళు వేగం తగ్గించకుండానే లోపలికి తిరుగుతాయి. మూడు, పెద్ద రోడ్డు. నాలుగు, వరుసగా ఇళ్ళ గేట్లు: కార్లు రివర్సులో బయటికి వస్తాయి. ఐదు, మా వీధి: రెండు పక్కలా నిలబెట్టిన కార్లు.

ఆరో చుక్క పాప పెట్టింది. ఒక ఇంటి గేటు వెనక పెద్ద కుక్క అరుస్తుంది. అక్కడికి రాగానే తను ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీద నడుస్తుందట. ఇన్నాళ్ళూ పక్కనే నడిచాను. ఆ చోట నా చెయ్యి పట్టుకుని రోడ్డువైపు లాగుతుందని తెలుసు. ఎందుకు లాగుతుందో ఎప్పుడూ అడగలేదు.

గేటు దగ్గరకు ఇద్దరం వెళ్ళాం. బయటి నుంచే గడియ చూపించాను, గొలుసు చూపించాను. కుక్క అరుస్తున్నంతసేపూ పాప నా వేలు పట్టుకుని నిలబడింది. "గడియ పెట్టి ఉంటే ఫుట్‌పాత్ మీదే వెళ్తా. తీసి ఉంటే?" అంది. తీసి ఉంటే వెనక్కి వచ్చి అవతలి పక్క నుంచి వెళ్ళాలి అనుకున్నాం. అవతలి పక్కకు ఎక్కడ దాటాలో కూడా అప్పుడే చూసుకున్నాం.

రెండో వారం

ఇంట్లో అడిగితే పాప అన్నీ చెబుతుంది. ఆగాలి, రెండు వైపులా చూడాలి, వినాలి, మళ్ళీ చూడాలి, పరిగెత్తకూడదు. ఒక్క తప్పు లేదు. సోమవారం సాయంత్రం సందు మొదట్లో, నేను పక్కనుండగా, ఏ వైపూ చూడకుండా రోడ్డు మీద కాలు పెట్టేసింది. నాకు గుండె గొంతులోకొచ్చింది. భుజం పట్టుకుని ఆపాను. "నువ్వు చూశావనుకున్నా నాన్నా" అంది.

ఆ రాత్రంతా ఆ మాటే. నాలుగేళ్ళుగా రోజూ పక్కన నడుస్తూ నేర్పుతున్నాననుకున్నాను. నేను పక్కనుంటే పాప తన కళ్ళు నాకు అప్పజెప్పేస్తోంది. నోటికి వచ్చింది, కాళ్ళకు రాలేదు.

స్కాట్లండులో స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లల కోసం కెర్బ్‌క్రాఫ్ట్ అనే శిక్షణ తయారుచేశారు. అందులో మూడే పనులు నేర్పుతారు: దాటడానికి మంచి చోటు ఎంచుకోవడం, ఆగి ఉన్న కార్ల మధ్య దాటడం, మలుపుల దగ్గర దాటడం. క్లాసు గదిలో కాకుండా పిల్లల్ని రోడ్డు దగ్గరికే తీసుకెళ్ళి నేర్పుతారు. సూత్రాలు వల్లించడం అందులో ముఖ్యం కాదు.

మంగళవారం నుంచి పద్ధతి మార్చాం. పాప ముందు, నేను రెండడుగులు వెనక. నేను మాట్లాడను. తను చూసేదంతా పైకి చెబుతూ నడవాలి. "ఆ తెల్ల కారులో మనిషి ఉన్నాడు. వెనక లైటు వెలిగింది. రివర్స్ తీస్తాడేమో, ఆగుతా." "ఆ బండి ఇండికేటర్ వేసింది కానీ తిరగట్లేదు, ఆగుతా." మొదటిరోజు నేను మూడుసార్లు నోరు జారాను. శుక్రవారానికి ఒక్కసారీ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం నాకు ఇంత కష్టమవుతుందని అనుకోలేదు.

ఒకటో చుక్క, రెండో చుక్క, నాలుగో చుక్క ఈ వారంలోనే కొలిక్కి వచ్చాయి. గేటు ముందు గందరగోళానికి పాపే మందు చెప్పింది: అందరూ పోయేదాకా అయిదు నిమిషాలు లోపలే ఉంటానంది.

మూడో వారం, శనివారం

పెద్ద రోడ్డు గురించి వారమంతా చదివాను. 2011లో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవేలో జరిగిన ఒక పరిశోధన నన్ను ఆపేసింది. మన మీదకు నేరుగా వచ్చే బండి మన కంటికి పక్కకు జరిగినట్టు కనబడదు. ఉన్నచోటే ఉండి పెద్దదవుతూ వస్తుంది. ఎంత త్వరగా పెద్దదవుతోందో పసిగడితేనే అది వస్తోందని, ఎంత వేగంగా వస్తోందో తెలుస్తుంది. గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటితే, ప్రైమరీ స్కూలు పిల్లల చూపు దాన్ని నమ్మకంగా పట్టుకోలేదట. అంటే వేగంగా వచ్చే బండే పిల్లల కంటికి కదలనట్టు అనిపించే ప్రమాదం ఎక్కువ. "జాగ్రత్తగా చూడమ్మా" అని నేను ఎన్నిసార్లు చెప్పినా, ఆ కంటికి ఇంకా రాని పని అది.

నమ్మలేక పరీక్ష పెట్టాను. 1984లో డేవిడ్ లీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చేసిన ఉపాయం ఒకటుంది. అసలు రోడ్డు పక్కనే, దానికి సమాంతరంగా ఒక ఉత్తుత్తి రోడ్డు. పిల్లలు అసలు రోడ్డు మీద బళ్ళను చూస్తూ ఉత్తుత్తి రోడ్డు దాటాలి. అసలు బండి తమ ఎదుటికి వచ్చేలోపు దాటేస్తే బతికినట్టు.

పెద్ద రోడ్డు పక్కన వెడల్పాటి ఖాళీ జాగాలో, రోడ్డు అంచుకు చాలా వెనక, సుద్దముక్కతో రెండు గీతలు గీశాం. రెండింటి మధ్య ఎడం అసలు రోడ్డు వెడల్పు ఎంతో అంత. పాప వెనక గీత దగ్గర నిలబడింది. నేను రోడ్డుకూ తనకూ మధ్య, పక్కగా, కాగితం పట్టుకుని కూర్చున్నాను.

20 సార్లు చేశాం. నాలుగుసార్లు పాప ముందు గీత చేరేలోపే బండి వచ్చేసింది. ఏడుసార్లు బళ్ళ మధ్య హాయిగా దాటగలిగిన సందు ఉన్నా దాటలేదు. మిగతావి సరిగా చేసింది. నాలుగు అంకె వేసేటప్పుడు నా చెయ్యి వణికింది.

పాప సందు తప్పుగా ఎంచుకుంటోందనుకున్నాను. పదోసారి నుంచి మొహం వదిలేసి కాళ్ళు గమనించాను. బండి ముందు నుంచి పోతుంది. పాప తలాడిస్తుంది, అంటే ఇప్పుడు వెళ్ళొచ్చని నిర్ణయం అయిపోయింది. ఆ తర్వాత బ్యాగు పట్టీ భుజం మీదకు ఎగదోస్తుంది. ఒకసారి కిందికి, గీతవైపు చూస్తుంది. అప్పుడు కాలు కదులుతుంది. తలకూ కాలికీ మధ్య దాదాపు ఒక సెకను. ఎంచుకున్న సందు మంచిదే. ఆ సెకనులో సందు చిన్నదైపోతోంది.

ఇంటికొచ్చి వెతికితే ఇదే సంగతి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్పి ఉన్నారు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని, పెద్దవాళ్ళను తెరల మీద చూపించే రోడ్డు దాటించారు. ఆరేళ్ళ పిల్లలు 8 శాతం సార్లు బండి కింద పడ్డట్టు తేలింది. పదేళ్ళ వాళ్ళు 5 శాతం, పన్నెండేళ్ళ వాళ్ళు 2 శాతం. పెద్దవాళ్ళలా ఒక్క ప్రమాదం లేకుండా దాటింది 14 ఏళ్ళ వాళ్ళే. కాలు ఆలస్యంగా కదలడం అందులో ఒక కారణం. 2017లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి.

మూడో వారం, ఆదివారం

ఈసారి ఆటస్థలం. బ్రిటన్ డ్రైవర్ల నియమావళిలో ఒక పట్టిక ఉంది. గంటకు 32 కిలోమీటర్ల వేగంలో కారు పూర్తిగా ఆగడానికి 12 మీటర్లు కావాలి. 48 కిలోమీటర్లయితే 23 మీటర్లు: అందులో 9 మీటర్లు డ్రైవరు కాలు బ్రేకు మీదకు వెళ్ళేలోపే అయిపోతాయి.

తాడుతో కొలిచాం. పాపను ఒకచోట నిలబెట్టి, 12 మీటర్ల దగ్గర నీళ్ళ సీసా, 23 మీటర్ల దగ్గర నా బ్యాగు పెట్టాను. బ్యాగు దగ్గర నిలబడి, "డ్రైవరు నిన్ను ఇక్కడ చూశాడు. వెంటనే బ్రేకు వేశాడు. బండి నీ కాళ్ళ దగ్గర ఆగింది" అన్నాను. పాప నా వైపు, సీసా వైపు చూసింది. "మరి నువ్వు సీసా దగ్గర ఉండి చూస్తే?" అంది. నేను జవాబు చెప్పలేదు. పాపే నడుచుకుంటూ వచ్చి సీసా పక్కన నిలబడి, తను ఇందాక నిలబడిన చోటును చాలాసేపు చూసింది.

డ్రైవరు చూశాడు కదా, ఆగుతాడులే అనే ధీమా ఆ రోజుతో పోయింది. అది పాపలో ఉందని కూడా అంతవరకు నాకు తెలియదు.

నాలుగో వారం

ఉత్తుత్తి రోడ్డు మళ్ళీ. ఒక కాలు ముందుకు పెట్టి, పట్టీలు ముందే సర్దుకుని, బండి ఎదుట నుంచి పోతుండగానే కదలడం సాధన చేశాం. 20లో రెండుసార్లు తప్పింది. బాగుపడింది. పరీక్ష పేపరైతే 18 మార్కులు, గర్వంగా ఫ్రిజ్‌కు అంటించేవాళ్ళం. ఇది పరీక్ష పేపరు కాదు.

నా భార్య కాగితం చూసి తేలిగ్గా ఒక మాట అంది: "ఆ రోడ్డు అలా దాటడం ఎందుకసలు?"

నేను మూడు వారాలుగా పాపను రోడ్డుకు తగ్గట్టు తయారుచేయాలని చూస్తున్నాను. దారిని పాపకు తగ్గట్టు మార్చవచ్చని తట్టలేదు. కొంచెం ముందుకు వెళ్తే సిగ్నల్ ఉంది. దారి 1,400 మీటర్లవుతుంది, నాలుగైదు నిమిషాలు ఎక్కువ. బండి వేగం, దూరం అంచనా వేసే పని మాత్రం పాప మీద ఉండదు. అయిదో చుక్కకూ అదే మందు: మా వీధిలో కార్ల మధ్య నుంచి కాకుండా, వీధి మొదట్లోనే, కార్లు నిలపని మూల దగ్గర దాటి మా వైపు ఫుట్‌పాత్ ఎక్కాలి.

అలా ఎందుకో పాపకు చూపించడానికి నిలబెట్టిన రెండు కార్ల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ పాప కళ్ళ ఎత్తులో పట్టుకుని ఫోటో తీశాను. చిన్న కారైతే పైన కాస్త రోడ్డు కనబడింది. పక్కన ఎత్తు బండి ఉంటే ఫోటోలో రేకు తప్ప ఏమీ లేదు. "నాకు వాళ్ళు కనబడకపోతే వాళ్ళకు నేనూ కనబడను" అని పాప తనంతట తానే అంది.

సిగ్నల్‌కూ ఒక షరతు పెట్టుకున్నాం. పచ్చ బొమ్మ వెలగగానే కదలకూడదు. బళ్ళ చక్రాలు చూడాలి. తిరుగుతున్న చక్రం ఒక్కటున్నా ఆగాలి. వెలిగి కాసేపైన పచ్చ బొమ్మను నమ్మి పరిగెత్తకూడదు, తర్వాతది వస్తుంది.

అయిదో వారం

మనుషుల సంగతి. దీని గురించి మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే రోడ్డంత చిక్కు కాదు.

"కొత్తవాళ్ళతో మాట్లాడొద్దు" అనే మాట వాడలేదు. దారి తప్పితే పాప సాయం అడగాల్సింది కొత్తవాళ్ళనే. పైగా హాని తెలిసినవాళ్ళ నుంచీ రావచ్చు. ఒకే నియమం పెట్టాం: అనుకున్న దారి, అనుకున్న టైము ఎవరు మార్చమన్నా, తెలిసిన మావయ్య అయినా సరే, ముందు మాకు తెలియాలి. నిజంగా మేమే పంపితే ఆ మనిషికి మా ఇంటి రహస్య మాట తెలిసి ఉంటుంది. ఆ మాట పాపే ఎంచుకుంది. ఇక్కడ రాయను. మా ఇద్దరి ఫోన్ నంబర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా కంఠస్థం చేసింది. సాయం కావాలంటే పిల్లలతో ఉన్న అమ్మను అడగాలి, లేదా వెనక్కి స్కూలుకు వెళ్ళాలి. పెద్దవాళ్ళకు సాయం కావాలంటే పెద్దవాళ్ళనే అడుగుతారు, పిల్లల్ని అడగరు అనేది కూడా చెప్పాం.

కష్టమైంది గొంతు. హాల్లో నాటకంలా ఆడితే, "రాను" అనే మాట పాప నోట్లోనే నలిగిపోయింది. పెద్దలకు ఎదురు చెప్పొద్దని మేమే ఇన్నేళ్ళూ నేర్పాం. రెండు సాయంత్రాలు వాళ్ళమ్మ పాపతో పాటు అరిచింది. మూడో రోజుకు గోడలు అదిరాయి.

ఎవరో తెలిసినవాళ్ళ చేత పాపను నిజంగా పిలిపించి చూద్దామన్న ఆలోచన వచ్చింది. వద్దనుకున్నాం. తెలియకుండా పరీక్ష పెడితే రేపు నిజంగా మేమే ఎవరినైనా పంపినా మమ్మల్ని నమ్మదు.

ఆరో వారం

30 మీటర్ల వెనక నేను. పాపకు చెప్పే చేశాను. "నేనుంటాను, కానీ లేనట్టే." మొదటి రెండు రోజులు అప్పుడప్పుడు వెనక్కి చూస్తూ అన్నీ పద్ధతిగా చేసింది. చూసి సంతోషించాను. కానీ అది నాకోసం చేసిన నడక.

బుధవారం నాలుగో చుక్క దాటాక ఫుట్‌పాత్ తవ్వేసి ఉంది. మట్టి గుట్ట, చుట్టూ తాడు. మ్యాపులో లేనిది. పాప ఆగింది, అటూ ఇటూ చూసింది, తర్వాత రోడ్డు మీదకు దిగి, వచ్చే బళ్ళకు వీపు పెట్టి గుట్ట చుట్టూ నడవడం మొదలెట్టింది. పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. కోప్పడలేదు, కోప్పడటానికి తన తప్పు ఏముంది? ఆరు చుక్కలకూ జవాబులు నేర్పాను. చుక్క లేనిచోట ఏం చేయాలో నేర్పలేదు.

అక్కడే నిలబడి కొత్త నియమం రాసుకున్నాం. మ్యాపులో లేనిది ఎదురైతే, ఆఖరున బాగున్న చోటికి వెనక్కి వెళ్ళాలి. అక్కడ ఆగి ఆలోచించాలి. వేరే దారి తెలియకపోతే స్కూలుకే వెళ్ళి మాకు ఫోన్ చేయించాలి. ఇంటికి ఆలస్యంగా రావడం తప్పు కాదని మూడుసార్లు చెప్పాను. మూడోసారి, "అయితే తిట్టవు కదా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా ఇదంతా చేయడం మంచిదైంది. పిల్లలు రోడ్డు మీద పరిగెత్తేది మన తిట్లకు భయపడి కూడా కావచ్చు.

గురువారం పాప స్నేహితురాలు కలిసింది. ఇద్దరూ కబుర్లలో పడ్డారు. నేనున్న సంగతి పాప నిజంగా మర్చిపోయింది. సందు మొదట్లో ఆ పిల్ల కాలు పెట్టింది, వెనకే పాప కాలు పెట్టింది. ఇద్దరూ చూడలేదు. బండి రాలేదు కాబట్టి సరిపోయింది. తోడుంటే మంచిదని నేనే అనుకునేవాణ్ణి. నా పక్కన నడిచినప్పుడు కళ్ళు నాకు ఇచ్చినట్టే, ఈసారి ఆ పిల్లకు ఇచ్చేసింది.

ఆ అమ్మాయి తల్లితో మాట్లాడాను. ఆవిడ నొచ్చుకోలేదు, మర్నాడు ఇద్దరు పిల్లల్నీ కలిపి నడిపిద్దామంది. రోడ్డు అంచుకు రాగానే కబుర్లు ఆగాలి, ఇద్దరూ విడివిడిగా చూసి, ఎవరికి వాళ్ళు "ఖాళీ" అని పైకి అనాలి. రెండు "ఖాళీ"లు వినబడితేనే కదలాలి. పిల్లలకు ఇది ఆటలా నచ్చేసింది. ఒక్కసారీ తప్పలేదు.

ఏడో వారం

సోమ, మంగళ: సిగ్నల్ అవతల నిలబడ్డాను. బుధ, గురు: కుక్క గేటు దగ్గర. శుక్రవారం: వీధి మొదట్లో. రాయడానికి ఇంతకంటే ఏమీ జరగలేదు.

ఎనిమిదో వారం, సోమవారం

ఈరోజు నేను ఇంటి గేటు దాటలేదు.

పాప చేతికి ఫోన్ ఇవ్వలేదు. ఎక్కడుందో మ్యాపు మీద చూపించే వాచీ కొందామా అని వారం క్రితం ఇద్దరం మాట్లాడుకున్నాం. ఆ చుక్క కదలడం చూస్తుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. కానీ ఆరో వారంలో పాప రోడ్డు మీదకు దిగినప్పుడు ఆ చుక్క నాకేమీ చెప్పేది కాదు. కొనలేదు. బదులుగా ఒక లెక్క పెట్టుకున్నాం: స్కూలు వదిలాక గేటు లోపల 5 నిమిషాలు, నడక 24, ఆలస్యానికి 10. అది దాటితే నేను అదే దారిలో ఎదురు వెళ్తాను. అడ్డదారిన వెళ్ళను, అలా వెళ్తే ఒకరినొకరు తప్పిపోతాం. నేను ఏ దారిన వస్తానో పాపకూ తెలుసు.

ముప్పై ఒకటో నిమిషంలో గేటు చప్పుడైంది. "వచ్చేశా" అని బ్యాగు పడేసి నీళ్ళు తాగింది. "కుక్క అరిచింది. గడియ పెట్టే ఉంది." అంతే చెప్పింది. నేను అడగాలనుకున్న పదిహేను ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.

తొమ్మిదో వారం, గురువారం

నలభయ్యో నిమిషానికి పాప రాలేదు. చెప్పులు వేసుకుని బయల్దేరాను. ఆ నడక గురించి ఎక్కువ రాయలేను. నాలుగో చుక్క దగ్గర ఎదురొచ్చింది, మామూలుగా, ఫుట్‌పాత్ లోపలి వైపు నడుస్తూ.

"సిగ్నల్ దగ్గర ఒక లారీ ఆగిపోయింది నాన్నా. పచ్చ బొమ్మ వచ్చింది కానీ లారీ అవతల ఏముందో కనబడలేదు. మూడుసార్లు వదిలేశా. లారీ పోయాక నాలుగోసారి వచ్చా." నా మొహం చూసి ఒక క్షణం ఆగి, "ఆలస్యమైనా ఫర్వాలేదన్నావు కదా?" అంది.

అన్నాను. ఆలస్యానికి పెట్టుకున్న 10 నిమిషాలను ఈ రాత్రి 20 చేశాం. నా భయానికి లెక్కగట్టి పెట్టిన పది అది. లారీ ఆగితే పాపకు ఎంతసేపు పడుతుందో ఆ లెక్కలో లేదు.

ఇంకా మిగిలినవి: వాన రోజు గొడుగు పట్టుకుంటే పక్కకు చూపు ఆనదు, రైన్‌కోటు టోపీ కూడా చెవులకు, కళ్ళ పక్కలకు అడ్డం వస్తుంది. వానలో ఒకసారి కలిసి నడిచి చూడాలి, అప్పటిదాకా వాన రోజు నేనే వెళ్తాను. త్వరగా చీకటి పడే నెలలు వచ్చేలోపు బ్యాగుకు మెరిసే పట్టీ కుట్టాలి. మ్యాపులో పాప ఇవాళ ఎర్ర పెన్సిల్‌తో ఇంకో చుక్క పెట్టింది, సిగ్నల్ దగ్గర లారీలు ఆగే చోట. పక్కన చిన్న అక్షరాలతో "కనబడకపోతే వదిలెయ్" అని రాసుకుంది.